సార్నియా బస్సులో బాలి

నాకు బాలి దీవి అంటగట్టింది మా టూరిజం ఇన్‌స్ట్రక్టరు. ఇటలీ ఒక పంజాబీ కుర్రాడికి వెళ్ళింది, పెరూ కరీంనగర్ పిల్లకి. నా దగ్గరికొచ్చేసరికి ఆవిడ చేతిలో కాగితం కిందపెట్టి, తల పక్కకి వాల్చి నవ్వింది. "నీకు బాలి. గుళ్ళు, చేతిపనులు, నాట్యం, ఒక రోజంతా తిప్పే టూరు. నీ మనసుకి దగ్గరగా ఉంటుంది" అంది. నేను ఇండియన్‌ని కదా, గుళ్ళన్నీ నా సొత్తే అనుకుంది పాపం. నేను నరసాపురం పక్కన మూడు తరాలుగా చర్చికెళ్ళే ఇంట్లో పుట్టాననీ, బుద్ధెరిగాక గుడి గడప తొక్కలేదనీ ఆవిడకెలా తెలుస్తుంది? పక్కింటివాళ్ళు ప్రసాదం ఇస్తే మా అమ్మ నవ్వుతూ పుచ్చుకుని, పెరట్లోకెళ్ళి కోళ్ళకేసేది.

ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. కానీ అంతకుముందు సెమిస్టరులో అదే సబ్జెక్టులో నన్ను ఫెయిల్ చేసింది ఆవిడే. ఫెయిల్ చేసిన మనిషి నవ్వుతూ తేలునిచ్చినా చెయ్యి చాస్తాం. "థాంక్యూ మేడం" అన్నాను.

ఆ సబ్జెక్టు టూర్ గైడింగ్. మొదటిసారి తలెత్తకుండా కాగితం చూసి చదివానని పోయింది. రెండోసారి కూడా పోతే డిప్లొమా లేదు. డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్ లేదు. స్టడీ పర్మిట్ ఆ ఎండాకాలంతో ఆఖరు. ఇంక పెట్టె సర్దుకోవడమే. ఇంటిదగ్గర నా పేరు చెప్పి చెల్లెలికి కూడా పాస్‌పోర్టు తీయించేశారు. నేను వెనక్కెళ్తే దాని దారి కూడా మూసుకుపోతుంది.

పరీక్ష కూడా మామూలుది కాదు. కాలేజీవాళ్ళు ఒక పసుపుపచ్చ స్కూలు బస్సు తెప్పిస్తారు. క్లాసంతా టూరిస్టుల్లా ఎక్కి కూర్చుంటుంది. బస్సు తిరిగేది కెనడాలో మా కాలేజీ ఉన్న సార్నియా ఊళ్ళోనే. గైడు మాత్రం మైకు పట్టుకుని, తనకిచ్చిన దేశం కళ్ళకి కట్టించాలి. ఇన్‌స్ట్రక్టరు ముందు సీట్లో కూర్చుని, ఏమీ తెలియని టూరిస్టులా ప్రశ్నలేస్తుంది. ఆవిడ నిజంగానే బాలి మూడుసార్లు వెళ్ళొచ్చింది. నా ఖర్మ.

నేనుండేది ఒక తెలుగు ఆంటీగారి బేస్‌మెంట్‌లో. ఆ రోజుల్లో సార్నియాలో రూము దొరకడమంటే లాటరీ తగలడమే. ఒక్కో ఇంట్లో ఎనిమిదేసిమంది పిల్లలు, వంటింట్లో కూడా పరుపులు. నాకు మా ఊరి పాస్టర్‌గారి మాటసాయంతో ఈ ఇల్లు దొరికింది. ఆంటీ కాకినాడ మనిషి, ఒక కేర్ హోమ్‌లో పెద్దవాళ్ళకి తినిపించే పని. అంకుల్‌ది కెమికల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, ఆయన కనపడేదే తక్కువ. బస్సులు గంటకొకటి, ఆదివారం అవి కూడా అంతంతమాత్రం. కాలేజీకి వెళ్ళాలన్నా ఆంటీ కారే, బియ్యం తెచ్చుకోవాలన్నా ఆంటీ కారే. శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూడిక, ఆదివారం చర్చి, ఆ తర్వాత సండే స్కూల్లో ఆంటీకి సాయం. ఆవిడ చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి మెట్లు దిగి తెచ్చి ఇచ్చింది. కానీ ఆవిడ కారు తాళాలు గలగలలాడితే నా గుండె కూడా గలగలలాడేది. ఎక్కడికెళ్ళాలన్నా ముందు ఆవిడ మొహం చూసుకోవాల్సిందే.

బాలి సంగతి ఆంటీకి చెప్పలేదు. కాలేజీ లైబ్రరీలోనే చదువుకున్నాను. రెండుగా చీల్చిన గోపురంలాంటి ద్వారాలు, ఊటనీళ్ళ కోనేరు, లోపలికెళ్ళేముందు నడుముకి కట్టుకునే గుడ్డ. పొద్దున్నే ఆడవాళ్ళు లేత కొబ్బరాకుతో చిన్న పళ్ళెం అల్లి, పూలూ ఓ బిస్కెట్టూ పెట్టి, అగరుబత్తి వెలిగించి గుమ్మం ముందు నేలమీద పెడతారు. చదువుతుంటే బాగానే ఉంది. నోటితో చెప్పాలంటేనే నాలుక మడతపడుతోంది. కరీంనగర్ పిల్లని పట్టుకుని అడిగాను.

"గుళ్ళోకెళ్ళగానే ముందేం చేస్తారే?"

"గంట కొడ్తం."

"తర్వాత?"

"నువ్వు నిజంగ ఇండియా నుంచే వచ్చినవా?" అని నన్ను కిందనుంచి మీదదాకా చూసింది. అయినా పాపం ఒక అగరుబత్తి పుల్ల ఇచ్చింది.

కొబ్బరాకు ఎక్కణ్ణుంచి తెస్తాను? ఆకుపచ్చ చార్టు పేపరు కత్తిరించి పళ్ళాలు అల్లాను. పదో పన్నెండో అయ్యాయి. బేస్‌మెంట్‌లో బట్టలారబెట్టే డ్రయ్యర్ మీద వరసగా పెట్టి, వాడిపోయిన సూపర్‌మార్కెట్ పూలు తుంచి వేసి, ఎలా ఉంటుందో చూద్దామని అగరుబత్తి వెలిగించాను. బుద్ధి గడ్డి తిని! ఆ వాసన మెట్లెక్కి పైకి పోతుందని తట్టలేదు నాకు.

ఆంటీ బట్టల బుట్ట పట్టుకుని దిగింది. పళ్ళాల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏంటమ్మా ఇది? నా ఇంట్లో?"

కాలేజీ అసైన్‌మెంట్ అని చెప్పాను. ఉత్తుత్తి టూరని చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిచినా బావుండేది. బుట్ట కిందపెట్టి నా పక్కన కూర్చుంది.

"చిన్నదానివి, నీకు తెలీదు. ఇవాళ ఉత్తుత్తిదే అంటావు. విగ్రహాల్ని నీ నోటితో పొగిడాక ఆ నోరు ఎవరిది? చెయ్యనని చెప్పు. ఇక్కడ మన హక్కులు మనకుంటాయి. చెప్పేస్తావు కదూ?"

"ఆఁ ఆంటీ" అన్నాను.

ఆ ఒక్క 'ఆఁ' నా కొంప ముంచింది. మావాళ్ళలో పెద్దవాళ్ళు అడిగితే ముందు ఆఁ అనేసి, తర్వాత మన పని మనం చూసుకోవడం అలవాటు. ఇంటిదగ్గర అది చెల్లుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆంటీ మాత్రం పట్టించుకుంది. శుక్రవారం కూడికలో పదిహేను మంది ముందు నన్ను మధ్యలో మోకరింపజేసింది. "మన పిల్లని కాలేజీలో విగ్రహాల్ని పొగడమన్నారు. పిల్ల నేను చెయ్యనని చెప్పేసింది. టీచరు మనసు మెత్తబడేలా ప్రార్థన చెయ్యండి" అంది. నేనింకా ఎవరికీ ఏమీ చెప్పలేదు! అందరూ నా తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేశారు. ఒకావిడ కన్నీళ్ళు నా మెడ మీద పడ్డాయి. నేను కళ్ళు మూసుకుని, ముందు కోనేరు చూపించాలా, చెక్కడాల ఊరు చూపించాలా అని ఆలోచిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ ఆలోచన ఆపలేకపోయాను.

పరీక్షరోజు ఆంటీయే కారులో దింపింది. "చెప్పాక ధైర్యంగా ఉండు" అని నా భుజం తట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. పళ్ళాలు నా బ్యాగులో బట్టల కింద ఉన్నాయి.

బస్సు నది ఒడ్డునున్న కెమికల్ ప్లాంట్ల దారి పట్టింది. మైకు పట్టుకున్నాను. ఆవిరి కక్కుతున్న గొట్టాన్ని చూపించి "మీ ఎడంపక్కన అగ్నిపర్వతం, భయపడకండి, ఇవాళ నిద్రలో ఉంది" అన్నాను. బస్సంతా గొల్లుమంది. ఇన్‌స్ట్రక్టరు కూడా నవ్వింది. దాంతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయిల్ ట్యాంకుల్ని మెట్లు మెట్లుగా ఉన్న వరిమళ్ళు చేశాను. వరి గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నాట్లప్పుడు నీళ్ళ వాసన ఎలా ఉంటుందో, కాలు దిగబడితే ఎంత చల్లగా ఉంటుందో చెబుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. వెండిపని చేసేవాళ్ళు, చెక్క మీద పూలు చెక్కేవాళ్ళు, అన్నీ చూపించాను. గుళ్ళోకి కూడా తీసుకెళ్ళాను. మొదటి గుడి దగ్గర మాట ఒక్కసారి తడబడింది. రెండోదానికి తడబడలేదు.

"నాట్యం భాగం బస్సులో కాదు" అంది ఇన్‌స్ట్రక్టరు అప్పుడు. "ఈసారి నిజమైన ప్రేక్షకుల్ని పెట్టాను. కేర్ హోమ్‌కి వెళ్తున్నాం."

ఈ సంగతి ఆవిడ మెయిల్లో రాసిందట. బయటి ప్రేక్షకులు అని ఉంటే నేను పక్క క్లాసువాళ్ళనుకున్నాను. ఊళ్ళో కేర్ హోమ్‌లు ఒకటి కాదు కదా, ప్రభువా, అది కాకుండా చూడు అని మొక్కుకున్నాను. బస్సు మలుపు తిరిగింది. ఎర్ర ఇటుకల గోడ, ముందు జెండా కర్ర. రోజూ సాయంత్రం ఆంటీ కారెక్కే గుమ్మం అదే. దిగకుండా బస్సులోనే ఉండిపోదామనుకున్నాను. ఇన్‌స్ట్రక్టరు చేతిలో మార్కుల కాగితం ఉంది. దిగాను.

హాల్లో ఓ పాతికమంది చక్రాల కుర్చీల్లో కూర్చున్నారు. ఆంటీ కనపడలేదు. గబగబా పళ్ళాల్లో బిస్కెట్లు పెట్టి ముందువరసవాళ్ళకి పంచాను. ఒక ముసలావిడ తన పళ్ళెంలో బిస్కెట్టు అక్కడికక్కడే నోట్లో వేసుకుంది. నాట్యం వీడియో పెడదామని లాప్‌టాప్ తీస్తే, టీవీకి పెట్టాల్సిన వైరు అందులో పట్టలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఇన్‌స్ట్రక్టరు వాచీ చూసుకుంది.

"పర్లేదు, నువ్వే చేసి చూపించు" అంది.

నాకు నాట్యమేం వచ్చు? ఇంట్లో నేర్పించలేదు, సినిమా పాటకి కాలు కదిపినా అమ్మ కళ్ళురిమేది. నా చేతులకి తెలిసిందల్లా ఒకటే. సండే స్కూల్లో ఆంటీ పిల్లలకి నేర్పించే యాక్షన్ సాంగ్. వాన కురుస్తుంది, వేళ్ళు కిందికి. వరద పొంగుతుంది, అరచేతులు పైకి. బండ మీద కట్టిన ఇల్లు, పిడికిలి మీద పిడికిలి. ప్రతి ఆదివారం పిల్లల ముందు నిలబడి నేను కూడా చేసేదాన్నే. అదే మొదలుపెట్టాను. నెమ్మదిగా, మోకాళ్ళు వంచి, బాలి నాట్యగత్తెల ఫొటోల్లో చూసినట్టు కళ్ళు ఆ మూలకీ ఈ మూలకీ తిప్పుతూ.

వరద పొంగే దగ్గర కళ్ళు కుడిపక్కకి తిప్పాను. గుమ్మంలో జ్యూస్ బండి పట్టుకుని ఆంటీ నిలబడి ఉంది.

ఆపలేదు నేను. ఆపితే ఫెయిల్. ఆవిడ చూస్తుండగానే ఇల్లు కట్టాను, వాన కురిపించాను, చేతులు జోడించి వంగాను. చప్పట్లు. ఇన్‌స్ట్రక్టరు కళ్ళు తుడుచుకుంటోంది. "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

"మా నాయనమ్మ దగ్గర. పొద్దున్నే గుళ్ళో చేసేది" అన్నాను. మా నాయనమ్మ యాభయ్యేళ్ళు చర్చిలో పాటలు పాడిన మనిషి. ఆంటీ ఒక్కొక్కరికీ జ్యూస్ గ్లాసు అందిస్తూ నా పక్కనుంచే వెళ్ళింది. నా మొహం చూడలేదు. సాయంత్రానికి మార్కులు వచ్చాయి. పాస్. మంచి పాస్. సంతోషపడే ఓపిక లేదు నాకు.

ఆ సాయంత్రం ఆంటీ కారులోనే ఇంటికొచ్చాను. ఇంటిముందు ఆవిడ ఇంజన్ ఆపి, తాళాలు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"శుక్రవారం అందరిచేతా ప్రార్థన చేయించాను నేను" అంది.

"సారీ ఆంటీ."

"ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటావు? మా పిల్ల అబద్ధమాడిందనా? పాతికేళ్ళుగా ఈ సంఘంలో ఉన్నాను నేను. రూములు కావాలని ఎంతమంది పిల్లలు ఫోన్లు చేస్తున్నారో తెలుసా?"

ఏడ్చేశాను. రూము మాట ఎందుకొచ్చిందో అర్థంకానంత మొద్దుని కాదు. తర్వాత ఆవిడ గొంతు మారింది.

"నువ్వు చేసింది మన పాటే కదా?"

"అవునాంటీ."

"మరి? విగ్రహాల నాట్యం చెయ్యమంటే మన పాట చేశావు. ఆదివారం నిలబడి ఆ సాక్ష్యం చెప్పు."

"నాకు వేరే ఏదీ రాక చేశానాంటీ..."

"ఎందుకు చేశావో దేవుడికి తెలుసు. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు."

మా కూడికల్లో సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పడం. ఎవరూ అడ్డు ప్రశ్నలు వెయ్యరు. ఆదివారం నిలబడ్డాను. "అందరికీ వందనాలు" అని మొదలుపెట్టాను. టీచరుకి చెయ్యనని చెప్పానన్నాను. నా దేవుడి పాట తప్ప వేరే చెయ్యనన్నానన్నాను. ఫెయిల్ చేస్తానని ఆవిడ బెదిరించిందన్నాను. పాపం ఆవిడ కలలో కూడా అలా అనదు. చివరికి దేవుడు నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఇచ్చాడన్నాను. హాలంతా "స్తోత్రం" అంది. అందరికంటే గట్టిగా అన్నది ఆంటీ. ఇంటికెళ్తూ "బాగా చెప్పావమ్మా" అంది, నిజంగానే మెచ్చుకుంటూ.

ఎవరో ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఇంక చూడండి నా పాట్లు. ఆ ఎండాకాలమంతా ఆంటీ నన్ను కారులో తిప్పింది. ఒక వారం ఎటోబికో అనే చోట యువజన కూడిక, ఇంకో వారం ఎవరింట్లోనో కృతజ్ఞతా కూడిక. ఆ బస్సులో మైకు పట్టుకుని నేర్చుకున్నవన్నీ పనికొచ్చాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో. వర్క్ పర్మిట్‌కి అప్లై చేశాను. చెల్లెలికి కాలేజీలో సీటొచ్చింది. బేస్‌మెంట్‌లో దానికి కూడా చోటిస్తానంది ఆంటీ. నాకు ఊపిరాడేది కాదు. ఎవరితో చెప్పుకోవాలి? నిజం తెలిసిన మనిషి ఆంటీ ఒక్కతే. రెండుసార్లు కారులో ఆ మాట ఎత్తాను. రెండుసార్లూ ఆవిడ రేడియో పెట్టింది.

ఆగస్టులో గ్వెల్ఫ్ అనే ఊళ్ళో కూడికకి తీసుకెళ్ళింది. సాక్ష్యం చెప్పడం అయింది, భోజనాలు అయ్యాయి. చెప్పుల దగ్గర ఒక పిల్ల నాకోసం నిలబడి ఉంది. ఇరవయ్యేళ్ళుంటాయేమో, తునివైపు యాస. వేరే ఊళ్ళో కాలేజీ, ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదువుతోందట.

"అక్కా, మీ వీడియో మూడుసార్లు చూశానక్కా" అంది. "నాకు కూడా అలాగే వచ్చింది. దీపావళి పూజ ఈవెంటు చెయ్యమన్నారు. మీలాగే చెయ్యనని చెప్పేశాను. నా దేవుడిదైతేనే చేస్తానన్నాను."

"ఏమన్నారు?" అన్నాను.

"సున్నా వేశారక్కా. అంతకుముందు కూడా ఒకసారి పోయింది కదా, ప్రోగ్రాం నుంచి తీసేశారు. వచ్చే నెల ఇంటికెళ్ళిపోతున్నాను." ఏడవట్లేదు ఆ పిల్ల. నిజంగా తెలుసుకుందామనే అడుగుతోంది. "మీకు మార్కులిచ్చాడు కదక్కా దేవుడు. నాకెందుకివ్వలేదు? నా విశ్వాసంలో ఏదైనా లోటుందంటారా?"

లేదమ్మా, నేను చెయ్యనని ఎవరికీ చెప్పలేదు, ఆ వీడియో అంతా అబద్ధం. ఈ మాటలు అన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఆ పిల్ల వెనకాల గుమ్మంలో ఆంటీ తాళాలు పట్టుకుని నిలబడి ఉంది, మా ఇద్దర్నీ చూస్తూ. చెల్లెలి టికెట్ పదిహేను రోజుల్లో ఉంది.

"ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను.

ఇంటికెళ్ళాక అని నా ఉద్దేశం. ఆ పిల్ల ఇప్పుడే అనుకుంది. అక్కడే, చెప్పుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తల వంచింది. నేను చెయ్యి చాపి ఆ తల మీద పెట్టాను.